గాజుగోడ కింద పాదాలు

ఆ స్టేషన్లో ఒక గదికి గోడ బదులు గాజు పెట్టారు. ఆ గాజైనా తిన్ననిది కాదు. కింద మోకాలెత్తు దాకా తేటగా ఉంటుంది, అక్కడి నుంచి పైకప్పు దాకా పాలు కలిపినట్టు మసకగా ఉంటుంది. లోపల కూర్చున్నవాళ్ల ముఖాలు బయటివాళ్ల కంట పడకూడదని అలా చేయించి ఉంటారు. కాళ్లు కనిపిస్తే కొంప మునిగేదేముందిలే అనుకుని ఉంటారు. అలా అనుకున్న పెద్దమనిషెవరో గానీ, మనుషుల కాళ్లను ఎన్నడూ సరిగ్గా చూసిన పాపాన పోలేదు.

గది పేరు లాంజ్. మెత్తటి సోఫాలు, చల్లగాలి, అడిగినంత టీ ఉంటాయని వినికిడి. ఆ గదిలో ఏముందో ఒక్కసారైనా చూడాలని కళ్లమ్మాయికి ఎప్పటినుంచో ఉబలాటం.

కళ్లమ్మాయి అన్నది పేషెంట్లు పెట్టిన పేరు. కంటి ఆసుపత్రిలో గోడ మీది అక్షరాలు చదివించి, ముక్కు మీద అద్దం మార్చి అద్దం పెట్టి, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడగడం ఆమె పని. అడగడం ఆమెకు పుట్టుకతో వచ్చిన గుణం కూడా. పక్కింట్లో కుర్చీ జరిగితే ఎందుకు జరిగిందో తెలిసేదాకా ఆమెకు అన్నం సయించదు. అలాంటి మనిషి ముందు మసక గాజు పెట్టడం దారుణమే.

కిందటి ప్రయాణంలో రైల్లో ఏసీ నీళ్లన్నీ ఆమె సీటు మీదే కారాయి. కస్టమర్ కేర్ వాళ్లకు ఫిర్యాదు రాసింది. జవాబు రాలేదు, మళ్లీ రాసింది. ఆ తర్వాత జవాబు వచ్చినా రాసింది, నీళ్లు అసలు ఎక్కడినుంచి వచ్చాయో చెప్పలేదు గనక. ఈవిడతో మనకెందుకనుకున్నారో ఏమో, క్షమాపణతోపాటు లాంజ్ పాసొకటి పంపించారు. ఎగిరి గంతేసింది.

ఆ పాసు వాడుకునే రోజు రానే వచ్చింది. కానీ ఆ రోజు కళ్లమ్మాయి మనసు గాజు గది మీద లేదు. చంకలో తొమ్మిది నెలల కూతురు ఉంది. పిల్ల గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఇంట్లో అందరూ బంతి అంటారు. ఒక పక్క అమ్మ, ఇంకో పక్క అత్తగారు. ఆ ఇద్దరి మధ్యా మాటల్లేవు.

వేరే ఊళ్లో పెద్ద కంటి ఆసుపత్రిలో ఆమెకు ఉద్యోగం వచ్చింది. రెండు రోజుల్లో చేరాలి. భర్తది సర్వే పని, నెలలో సగం రోజులు ఎక్కడో గుట్టల మీద ఉంటాడు. కాబట్టి బంతిని చూసుకోవడానికి మనిషి కావాలి. అమ్మకు కుట్టుషాపు ఉంది, నెలంతా మూసేస్తే గిరాకీ పోతుంది. అత్తగారు ఇల్లు వదిలి నెలంతా ఉంటే మామగారి మందులు చూసేవాళ్లుండరు. అంటే ఇద్దరూ వంతులు వేసుకోవాలి. వంతులు వేసుకోవాలంటే మాట్లాడుకోవాలి. అక్కడే బండి ఆగిపోయింది. ఇది తెమలకపోతే ఉద్యోగానికి దండం పెట్టి వెనక్కి రావడమే.

ముందు ఒక వారం ఇద్దర్నీ కలిపి తీసుకెళ్తే ఏదో ఒకటి తేలుతుందని ఆమె ఆశ. ఆవిడొస్తోందని ఈవిడా, ఈవిడొస్తోందని ఆవిడా బయల్దేరారు.

ఇంతకీ గొడవేమిటంటే, మూడు నెలల కిందట బంతికి జ్వరం ముంచుకొచ్చింది. ఇంట్లో అత్తగారు తప్ప ఎవరూ లేరు. పిల్లను భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. కబురు తెలిసి అమ్మ ఊడిపోతున్న చెప్పులతో వచ్చింది. మంచం మీద సూదితో పడుకున్న పిల్లను చూసేసరికి ఆవిడకు ప్రాణం పోయినంత పనైంది. నర్సులూ, రోగులూ, రోగుల చుట్టాలూ అందరూ వింటుండగా అనేసింది, "మీ చేతిలో పెడితే ఇంతేగా!" అని.

జ్వరం రెండు రోజుల్లో తగ్గింది. మాట తగ్గలేదు.

అత్తగారు ఎదురు చెప్పలేదు. బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి, ఎదురు చెప్పడం ఆవిడ పుస్తకంలో లేదు. కాకపోతే ఆ రోజు నుంచి బంతిని ఎత్తుకోవడం మానేసింది. పక్కన కూర్చుంటుంది, గిలక్కాయ ఆడిస్తుంది, పాలు కలిపి ఇస్తుంది. చేతుల్లోకి మాత్రం తీసుకోదు. పిల్ల చేతులు చాస్తే, "ఉండమ్మా, మీ అమ్మని పిలుస్తా" అంటుంది. ఈ సంగతి కళ్లమ్మాయి ఒక్కతే కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకుంది. కదిపితే ఎక్కడ ఇంకా చెడుతుందోనని భయం.

రైలు గంట ఆలస్యమని ప్రకటించారు. హాల్లో ఇసుకేస్తే రాలనంత జనం. సరిగ్గా అప్పుడే బంతి గుడ్డ పాడుచేసుకుంది. అమ్మ పిల్లనూ, చేతిలోని పాసునూ లాక్కుని, "ముందు దీని సంగతి చూడాలి, పాసుందన్నావుగా!" అంటూ లాంజ్‌లోకి దూసుకెళ్లింది. కౌంటర్లో ఉన్న అమ్మాయి శిక్షణలో నేర్పిన నవ్వు నవ్వి మెషీన్లో ఏదో నొక్కితే అది కుయ్యిమంది. మార్చే గుడ్డలున్న సంచీ అత్తగారి భుజాన ఉండిపోయింది.

"అత్తయ్యా, ఆ సంచీ కాస్త ఇచ్చి రారూ."

అత్తగారు వెళ్లింది. మెషీన్ మళ్లీ కుయ్యిమంది. సూట్‌కేసు ఈడ్చుకుంటూ కళ్లమ్మాయి వచ్చేసరికి కౌంటర్ అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది.

"సారీ మేడమ్. పాసు అయిపోయింది."

"అదేంటి? పాసు నాదేగా!"

"మీదే మేడమ్, పేరు కూడా మీదే ఉంది. కానీ పెద్దవాళ్లు ఇద్దరికే. చంటిపిల్లల్ని లెక్కపెట్టం. ఇద్దరూ వెళ్లిపోయారు."

"అయితే ఒకళ్లు బయటికొచ్చి నేను వెళ్తాను."

"ఒక్కసారి స్కాన్ అయితే మార్చడానికుండదు మేడమ్. బయటికొచ్చినవాళ్లు మళ్లీ లోపలికి రాలేరు, వాళ్ల బదులు ఇంకొకళ్లూ వెళ్లలేరు. ఇంకేమైనా సహాయం కావాలా?"

"ఇప్పుడు చేసింది చాలమ్మా."

కౌంటర్ అమ్మాయి లోపలికెళ్లి ఇద్దరికీ నిబంధన వివరించి వచ్చింది. ఎవరూ బయటికి రాలేదు. అమ్మ రాదు, బయటి జనంలో పిల్లకు గుడ్డ మార్చలేదు, ఆవిడ దగ్గర వదలనూ లేదు గనక. అత్తగారూ రాదు, విజిల్ వినపడందే వరసలోంచి కదిలే మనిషి కాదు గనక. కళ్లమ్మాయి గాజుకు ఎదురుగా ఉన్న ఇనప బెంచీ మీద కూలబడి భర్తకు ఫోన్ చేసింది.

"మీ అమ్మనీ మా అమ్మనీ ఒకే గదిలో పెట్టేశాను."

అవతల కాసేపు గాలి శబ్దం తప్ప ఏమీ వినపడలేదు. "తాళం వేశావా?"

"బయటికొస్తే మళ్లీ రానివ్వరట."

"అంటే తాళమే." మళ్లీ గాలి. "సిగ్నల్ సరిగ్గా లేదు, తర్వాత చేస్తా." సిగ్నల్ బ్రహ్మాండంగా ఉందని ఆమెకు తెలుసు.

ఇక చేసేదేం లేక కాళ్లను చూస్తూ కూర్చుంది. ఊరందరి చూపూ సరిచేసే మనిషికి ఆ పూట రెండు జతల కాళ్లే గతి అయ్యాయి.

ఆకుపచ్చ పట్టీల చెప్పులు అమ్మవి. తెల్ల కాన్వాస్ బూట్లు అత్తగారివి, లేసులు రెండూ కొలిచి కట్టినట్టు సమానంగా ఉంటాయి. ఆకుపచ్చ చెప్పులు ఒక సోఫా ముందు, తెల్ల బూట్లు ఎదుటి సోఫా ముందు. అమ్మ కుడిపాదం ఆగకుండా ఆడుతోంది. కోపం వచ్చినా, ఆలోచన వచ్చినా ఆ పాదం కుట్టుమిషన్ తొక్కుతున్నట్టే ఆడుతుంది. ఇప్పుడు తొక్కుతున్న వేగానికి నిజంగా మిషనే ఉంటే ఒక పెళ్లివారి బట్టలన్నీ తయారయ్యేవి. అత్తగారి బూట్లు మడమలు కలిపి అటెన్షన్‌లో ఉన్నాయి.

'ఏమంటున్నట్టు? ఏమీ అనట్లేదా? అనకపోతే అమ్మ కాలెందుకంత ఊగుతోంది?' కళ్లమ్మాయికి కడుపు ఉబ్బిపోయింది. కాస్త వంగితే పైవి కూడా కనిపిస్తాయేమోనని వంగింది. ఇంకాస్త వంగింది. దాదాపు నేలకు ఆనబోతుండగా, తుడుపుకర్రతో వచ్చిన పారిశుధ్య కార్మికురాలు పక్కన ఆగింది.

"ఏం పారేసుకున్నావమ్మా?"

"మా అమ్మనీ, మా అత్తగారినీ."

"ఇద్దర్నీనా!" అని ఆవిడ కూడా తుడుపుకర్ర మీద ఆనుకుని వంగి చూసింది. "ఏవి వాళ్లవి?"

"ఆ ఆకుపచ్చవి, ఆ తెల్లవి."

"తెల్లవాళ్లు గట్టివాళ్లలా ఉన్నారే," అంది ఆవిడ. ఇంకా చూసేదే గానీ, అవతల ఎవరో జ్యూస్ ఒలకబోసి పిలిచారు.

కాసేపటికి ఆకుపచ్చ చెప్పులు లేచాయి. సోఫా పక్కకు తిరిగి, ఒక క్షణం తటపటాయించి, గది లోపలి మూలకు నడిచి కనుమరుగయ్యాయి. టీకి కాబోలు. మరి బంతి? కళ్లమ్మాయి ఉలిక్కిపడి చూసేసరికి, కార్పెట్ మీద పాక్కుంటూ బంతే వస్తోంది. తిన్నగా గాజు దగ్గరకు వచ్చింది. బయట తల్లి కనిపించేసరికి పిల్ల ముఖం వెలిగిపోయింది. నోరంతా గాజుకు ఆనించి చొంగ పూసింది. కళ్లమ్మాయి బెంచీ దిగి నేల మీదే చతికిలబడి ఇటునుంచి గాజు మీద వేలు పెట్టింది. బంతి ఆ వేలు పట్టుకోబోయి, పట్టు దొరక్క, ఠక్కుమని నుదురు గాజుకు కొట్టుకుంది.

పిల్ల నోరు తెరుచుకుంది. ఏడుపు బయటికి వినపడలేదు. నోరు మాత్రం అంతకంతకూ పెద్దదవుతోంది.

తెల్ల బూట్లు ఒక్క అంగలో వచ్చాయి. మోకాళ్లు వంగాయి. రెండు చేతులు కిందికి దిగాయి, పిల్ల చంకల దాకా వచ్చాయి. అక్కడ ఆగిపోయాయి.

కళ్లమ్మాయి మనసులోనే బతిమాలింది. 'ఎత్తుకోండి అత్తయ్యా.'

చేతులు గాల్లోనే ఉన్నాయి. కాసేపటికి ఆ చేతులు వెనక్కి వెళ్లి ఆవిడ ఒళ్లోనే ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. మనవరాలు గుక్కపట్టి ఏడుస్తుంటే పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆవిడ తన చేతుల్ని తానే ఆపుకుంటోంది. కళ్లమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గాజును అరచేత్తో బాదింది. అది కదల్లేదు.

ఆకుపచ్చ చెప్పులు పరుగున వచ్చాయి, ఒక చెప్పు ఊడి వెనక పడిపోయింది. వచ్చిన కాళ్లు పిల్ల దగ్గర ఠక్కున ఆగాయి. ఇంక అమ్మ నోటికి అడ్డేముంది, మళ్లీ ఏమంటుందో అనుకుంది కళ్లమ్మాయి.

కానీ కుడిపాదం ఆడలేదు. అమ్మ కుడిపాదం అంతసేపు ఊరికే ఉండటం ఆమె ఎరగదు. అమ్మ పిల్లను లాక్కోలేదు కూడా. అలాగే నిలబడింది. నిలబడి ఏం చూసిందో, ఏం అడిగిందో, మసక గాజుకే తెలియాలి. తెల్ల బూట్ల మనిషి ఏదో జవాబు చెప్పి ఉండాలి, ఎందుకంటే కాసేపటికి అమ్మ మోకాళ్లు కూడా కార్పెట్‌కు ఆనాయి. ఇద్దరు పెద్దవాళ్లు ఎదురెదురుగా మోకాళ్ల మీద, మధ్యలో పిల్ల.

బంతికి ఏడుపు విసుగొచ్చింది. దొరికిన బూటు లేసు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. లాగితే ముడి ఊడిపోయింది. అప్పుడు అమ్మ చెయ్యి కిందికి వచ్చింది. సూది పోట్లతో గట్టిపడ్డ ఆ వేళ్లు పిల్ల నోట్లోంచి లేసు మెల్లగా తీసి, కొసను కొంగుతో తుడిచాయి. తర్వాత అమ్మ వంగి, వియ్యపురాలి బూటు లేసు కట్టింది. బట్టకు బొత్తాం కుట్టేంత శ్రద్ధగా, రెండు మెలికలు వేసి కట్టింది. తెల్ల బూటు వెనక్కి జరగబోయింది. అమ్మ దాన్ని మడమ దగ్గర పట్టుకుని జరగనివ్వలేదు.

కట్టడం అయిపోయాక కూడా ఆ చెయ్యి కాసేపు బూటు మీదే ఉంది.

"తెల్లావిడ ఏడుస్తోందేమో," అంది వెనకనుంచి పారిశుధ్య కార్మికురాలు, ఎప్పుడు వచ్చిందో తెలీదు.

"మీకెలా తెలుసు?"

"మడమలు విడిపోయాయి, చూడు."

నిజమే. అటెన్షన్ పోయింది. రెండు బూట్లూ ఎటువి అటు సోలిపోయి ఉన్నాయి.

ఇంతలో మైకు మోగింది. వృద్ధులూ, చంటిపిల్లలున్నవాళ్లూ ప్రయారిటీ బోర్డింగ్ గేటు దగ్గరకు రావాలట. జనం గేటు వైపు ఒక్కసారిగా కదిలారు. లాంజ్ తలుపు తెరుచుకుని ఇద్దరూ బయటికి వచ్చారు. బంతి అమ్మ చంకలో ఉంది. ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. అత్తగారు సంచీ సర్దుకుంటూ ఎటో చూస్తోంది. కళ్లమ్మాయికి నాలుక దురద ఆగలేదు గానీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు.

గేటు దగ్గర కోటు వేసుకున్న ఉద్యోగి టికెట్లు చూసి, మర్యాదగానే అడ్డుపడ్డాడు.

"చంటిపాపతో ఒక్కరే ముందు వెళ్లాలండీ. మిగతావాళ్లు మామూలు క్యూలో రావాలి."

"మా అత్తగారు పెద్దావిడ కదండీ."

"సీనియర్ టికెట్ అయితే పంపేవాణ్నమ్మా, ఇది మామూలు టికెట్." టికెట్లు తీసింది గుట్టల మీదున్న భర్తగారే. "పాపని ఎవరు ఎత్తుకుంటారు? త్వరగా చెప్పండి, వెనక జనం ఉన్నారు."

అలవాటు కొద్దీ కళ్లమ్మాయి చేతులు చాచింది. అంతకన్నా అలవాటు కొద్దీ అత్తగారు ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఈవిడ," అంది అమ్మ.

అమ్మది షాపులో మిషన్ల చప్పుడు మీద వినపడే గొంతు. క్యూలో సగం మంది తలలు తిప్పారు. ఆవిడ ఇంకాస్త పెంచింది.

"ఈవిడ వెళ్తారు. పిల్ల నాయనమ్మ. ఇదివరకు దీనికి జ్వరమొస్తే ఎవరికోసమూ చూడకుండా ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తింది ఈవిడే. డాక్టరు చెప్పాడు, ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని. నాకది తెలిసి కూడా నోరు పెగల్లేదు ఇన్నాళ్లూ." అంటూ పిల్లను అత్తగారి వైపు చాచింది. "తీసుకోండి వదినగారూ. మీ చేతిలో పెడితే నాకు బెంగ లేదు."

గేటు ఉద్యోగి అడిగింది ఇదంతా కాదు. అయినా పాపం టికెట్లు పట్టుకుని బుద్ధిగా నిలబడ్డాడు.

అత్తగారు చేతుల వైపు చూసుకుంది, అవి తనవేనా అన్నట్టు. బంతి మాత్రం ఆలోచించలేదు, చేతులు చాచి ఆవిడ మెడను కావలించుకుంది. అత్తగారి చేతులు మెల్లగా లేచి, పిల్ల వీపు మీదుగా వెళ్లి, గట్టిగా బిగుసుకున్నాయి. ఆవిడ అటు తిరిగి గేటు దాటింది. వీపు నిటారుగా, అడుగు తడబడకుండా, డ్రిల్లు టీచరు నడిచినట్టే నడిచింది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

తల్లీకూతుళ్లు మామూలు క్యూలో మిగిలారు. క్యూ నత్తలా కదులుతోంది.

"ఏం మాట్లాడుకున్నారమ్మా లోపల?"

"ఏముంది. వంతులు మాట్లాడుకున్నాం. ముందు ఆవిడ, తర్వాత నేను. నువ్వు ఉద్యోగంలో చేరు."

కళ్లమ్మాయికి ఒక్కసారిగా ఒంట్లో బరువంతా దిగిపోయింది. అయినా అడగడం ఆగలేదు. "ముందు నువ్వెందుకు కాదు?"

"ముందు ఆవిడే." అమ్మ కుడిపాదం ఆడటం మొదలైంది. "ఇన్ని నెలలుగా ఆవిడ పిల్లని ఎత్తుకోలేదటే. నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

ఎవరేమి అడిగినా ఎదురు ప్రశ్న వేసే కళ్లమ్మాయి తల వంచుకుని సూట్‌కేసు పిడి సర్దుకుంది. అమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది.

"ఇంతకీ లాంజ్ ఎలా ఉంది?" అంది కళ్లమ్మాయి నెమ్మదిగా.

"ఏమోనే. చూళ్లేదు."

వాళ్లు పెట్టె ఎక్కి సీట్లు వెతుక్కుని వచ్చేసరికి అత్తగారు కిటికీ పక్కన కూర్చుని ఉంది. సంచీ పైన పెట్టలేదు, చెమట తుడుచుకోలేదు. బంతి ఆవిడ భుజం మీద నోరు తెరిచి నిద్రపోతోంది. భుజం మీది చీరంతా చొంగతో తడిసిపోయింది. ఆవిడ ఒక చెయ్యి పిల్ల వీపు మీద, ఇంకో చెయ్యి తల వెనక ఆనించి, గాజుబొమ్మను మోస్తున్నట్టు కదలకుండా కూర్చుంది.

"చేతులు లాగేస్తుంటాయి వదినగారూ," అంటూ అమ్మ వంగి చేతులు చాచింది. "కాసేపు నాకివ్వండి."

అత్తగారు తల ఎత్తి చూసింది. ఇన్నాళ్లకు వియ్యపురాలితో నలుగురిలో ఆవిడ అన్న మొదటి మాట అదే.

"ఇవ్వను వదినగారూ," అంది.